కంటికానని సూర్యుడు

1868 వ సంవత్సరము ఆగస్టు 18 వ తేదీ ఉదయమున గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని చూచుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి గుంటూరునకు వచ్చి విడిసెను. ఆంగ్లేయుల పక్షమున మేజరు టెన్నెంటును అచ్చటనే తన పరికరములను నిలిపెను. మద్రాసు నక్షత్రశాలాధికారియైన పాగ్సను మచిలీబందరునకు పోయెను. ఇందరు పండితులు ఇంత శ్రమపడినది పట్టుమని పది నిమిషములైనను నిలువని చీకటికొరకు. ఆ నిమిషములలో ఒక్క మబ్బుతునక అడ్డుపడినచో నెలల ప్రయాణము నీటిపాలగును.

నిత్యము మన నెత్తిపై వెలుగు సూర్యుని చూచుటకు సూర్యుడు మరుగగువరకు ఏల వేచియుండవలెను? శ్రోతలకు ఈ సందేహము కలుగుట సహజము. మనము బింబమని పిలుచునది సూర్యునిలో ఒక పొర మాత్రమే. దానికి పైన పలుచని ఎఱ్ఱని పొర యొకటియు, దానికిని పైన లక్షల కిలోమీటర్ల దూరము వ్యాపించిన ముత్యపు తెలుపు కాంతియు కలవు. ఈ కాంతిని పాశ్చాత్యులు కరోనా యందురు. కిరీటమని దాని యర్థము. మనమును కిరీటమనియే చెప్పుకొందము. బింబముతో పోల్చినచో కిరీటపు వెలుగు పదిలక్షలలో ఒక పాలు. మిట్టమధ్యాహ్నము ఎండలో మిణుగురు పురుగు కనబడునా? చంద్రుడు వచ్చి బింబమును సరిగా కప్పినప్పుడే కిరీటము కనబడును.

గుంటూరులో జాన్సెన్ వర్ణపటదర్శినితో చూచి, బింబపు అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలు మండుచున్న ఉదజని వాయువని తెలిసికొనెను. ఆ జ్వాలల గీతలు ఎంత కాంతివంతములుగా నుండెననగా, మరునాడు గ్రహణము లేకయే వానిని తిరిగి చూడగల ఉపాయము ఆయనకు తోచెను. అదే ఉపాయమును ఇంగ్లండులో లాకియర్ తనంతట తాను కనిపెట్టెను. ఆ గ్రహణమును చూచినవారికి జ్వాలల వర్ణపటములో పసుపుపచ్చని గీత యొకటి కూడ కనబడినది. అది మన ఉప్పులోనున్న సోడియపు గీత యని పలువురు తలచిరి. కాదు, భూమిపై నెరుగని పదార్థమేదో అది యని లాకియర్ చెప్పెను. సూర్యుని గ్రీకు నామమును బట్టి దానికి హీలియము అని పేరు వచ్చినది. 1895 లో రామ్సే దానిని భూమిపైనను కనుగొనెను. ఈ హీలియమును శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దానితో మనకు పని కలదు.

మరుసటి యేడు, అనగా 1869 ఆగస్టులో, అమెరికాలో పట్టిన గ్రహణమున కిరీటమునందు ఒక ఆకుపచ్చని గీత కనబడినది. ఇదియు క్రొత్త మూలపదార్థమే యనుకొని దానికి కరోనియము అని పేరిడిరి. హీలియము దొరికినట్లు ఇదియు నొకనాడు దొరకునని డెబ్బది యేండ్లు వెదకిరి. దొరకలేదు. తుదకు 1939 మొదలు 1943 వరకు జర్మనీలో గ్రోట్రియను, స్వీడనులో ఎడ్లెను చేసిన కృషివలన తేలినదేమనగా, అది మన వంటింటి మూకుడులోని ఇనుమే. కాని పదుమూడు ఎలక్ట్రానులను పోగొట్టుకొనిన ఇనుము. పరమాణువునుండి అన్ని ఎలక్ట్రానులు ఊడిపోవలెనన్న పదిలక్షల డిగ్రీలకు పైబడిన వేడి కావలెను.

ఇచ్చటనే పండితులు తెల్లబోయిరి. సూర్యబింబపు వేడి సుమారు 5,500 డిగ్రీలు. కుంపటికి ఎడముగా జరిగిన కొలదియు సెగ తగ్గవలెను గాని హెచ్చునా? బింబమునకు దూరముగానున్న కిరీటము బింబముకంటె రెండువందల రెట్లు వేడిగా ఎట్లుండును? ఈ ప్రశ్నకు సంపూర్ణ సమాధానము నేటికిని స్థిరపడలేదు. నేను చెప్పబోవు చరిత్రయంతయు ఒక విధముగా ఈ ప్రశ్న వెంట పరుగే.

వస్తువు ఎంత వేడెక్కిన దాని కాంతి అంత పొట్టి తరంగములకు జరుగును. కొలిమిలోని ఇనుము మొదట ఎఱ్ఱగను, పిదప తెల్లగను మెరయుట మనమెరిగినదే. పదిలక్షల డిగ్రీల వాయువు వెలిగించు కాంతిలో అత్యధిక భాగము ఊదారంగుకు ఆవలనున్న అతినీలలోహిత కిరణములలోను, ఎక్స్ కిరణములలోను ఉండును. ఊదాకు ఆవల కంటికానని కాంతి కలదని 1801 లోనే జర్మనీలో రిట్టరు చూపియుండెను. వర్ణపటములో ఊదా ముగిసిన చీకటిచోట నుంచిన వెండి లవణము నల్లబడుటయే ఆయనకు సాక్ష్యము. కాని సూర్యుని వర్ణపటము ఆ వైపున కొంతదూరము పోయి, గోడ కట్టినట్లు నిలిచిపోవుచుండెను. తరంగదైర్ఘ్యమును నానోమీటర్లతో, అనగా మీటరులో నూరుకోట్లవ వంతుతో కొలుతురు. ఆ గోడ సుమారు 300 నానోమీటర్లకడ నుండెను. ఆ గోడ వాయుమండలములోని ఓజోనే యని 1881 లో హార్ట్‌లీ సూచించెను. ఓజోను లేకున్న ఆ కిరణములు మన చర్మమును, పైరుపచ్చలను మాడ్చివేయును. కావున దానిని తెగడుటకు వీలులేదు. అయినను మనకు నీడనిచ్చు ఆ గొడుగే ఖగోళజ్ఞుని కంటికి పొరయైనది.

ఈ పొరకు పైకి పోవలెనని గట్టిగా చెప్పినవారిలో మన దేశపు మేఘనాథ సాహా యొకడు. వేడివలన పరమాణువులు ఎలక్ట్రానులను విడుచు లెక్కను 1920 లో లోకమునకిచ్చిన మహనీయుడాయన. 1937 లో హార్వర్డు నక్షత్రశాల పత్రికలో ఆయన ఒక చిన్న వ్యాసము ప్రకటించి, ఓజోను పొరకు పైన పరికరమును నిలిపి సూర్యుని వర్ణపటమును చిత్రించవలెనని కోరెను. కోరిక మంచిదే; మోసికొనిపోవు వాహనమే లేదు.

వాహనము యుద్ధమునుండి వచ్చినది. జర్మనులు లండను మీదికి ప్రయోగించిన వి-2 రాకెట్టులను యుద్ధానంతరము అమెరికావారు విడిభాగములుగా తీసికొనిపోయి, న్యూ మెక్సికో రాష్ట్రమున వైట్ శాండ్స్ ఎడారిలో మరల కూర్చిరి. బాంబు నుంచవలసినచోట పరికరములు పెట్టుకొనుడని శాస్త్రజ్ఞులకు అవకాశమిచ్చిరి. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలోని రిచర్డు టౌసీ ఇందుకొక వర్ణపటదర్శినిని నిర్మించెను. రాకెట్టు బొంగరమువలె తిరుగుచు పోవును. సూర్యుని వైపునకే చూచుచుండుమనిన అది వినదు. అందుచేత టౌసీ మామూలుగానుండు సన్నని చీలికకు బదులు లిథియము ఫ్లోరైడుతో చేసిన చిన్న పూసలను అమర్చెను. రాకెట్టు ఏ ప్రక్కకు తిరిగినను ఆ పూస కొంత ఎండను లోనికి త్రిప్పును. గాజు పనికిరాదు, అది ఈ కిరణములను మ్రింగివేయును.

1946 జూన్ 28 న మొదటి ప్రయత్నము జరిగినది. రాకెట్టు చక్కగా పైకిపోయినది; తిరిగి తలక్రిందులుగా, వచ్చిన వేగముతోనే నేలను గ్రుద్దినది. ఇసుకలో పెద్ద గొయ్యి పడినది. ముక్కులో నుంచిన వర్ణపటదర్శిని నామరూపములు లేకుండ పోయినది. ఎగురుట కష్టమనుకొనినవారికి దిగుటయే కష్టమని తెలియవచ్చినది. ఈమారు టౌసీ పరికరమును ముక్కునందు కాక తోకరెక్కలో బిగించెను. ఫిల్మును ఉక్కుడబ్బీలో చుట్టుకొనునట్లు చేసెను. 1946 అక్టోబరు 10 న రాకెట్టు లేచి పడినది. ఎడారిలో వెదకి ఫిల్మును తీసి కడిగి చూడగా, రాకెట్టు పైకి లేచినకొలదియు వర్ణపటము గోడను దాటి సాగిపోయిన వరుస స్పష్టముగా నుండెను. యాబదియైదు కిలోమీటర్ల యెత్తున అది సుమారు 220 నానోమీటర్లవరకు పోయినది. రిట్టరు నాటినుండి నూటనలుబదియైదేండ్లకు మానవుడు ఓజోనునకు పైనుండి సూర్యుని చూచెను. సాహా అప్పటికి జీవించియుండెను.

అయితే అది వర్ణపటమే గాని చిత్రము కాదు. చిత్రము తీయవలెనన్న రాకెట్టు ఎట్లు ఊగినను పరికరము సూర్యునిపైననే నిలిచియుండవలెను. కొలరాడో విశ్వవిద్యాలయమువారు అట్టి యంత్రమును చేసిరి. దాని సహాయమున 1952 డిసెంబరులో రెన్సు అను శాస్త్రజ్ఞుడు ఉదజని వెలిగించు 121.6 నానోమీటర్ల గీతను పట్టెను. 1959 మార్చి 13 న టౌసీ బృందమే ఆ గీత కాంతిలో సంపూర్ణ సూర్యబింబము యొక్క చక్కని ఛాయాచిత్రమును తీసినది. మచ్చలున్నచోట్లకు పైన తెల్లని మేఘములవలె ప్రకాశవంతములైన ప్రదేశములు కనబడినవి. మన కంటికి నల్లగానుండుచోట ఈ కాంతిలో దీపమాలికలు!

ఈ రాకెట్టు గాలికి పైన గడుపు సమయము నాలుగైదు నిమిషములే. పడిన పాటంతయు పడి, మరల గుంటూరులో దొరికినన్ని నిమిషములకే వచ్చితిమి. 1962 మార్చి 7 న అమెరికావారు పంపిన మొదటి సౌరవేధశాలా ఉపగ్రహముతో ఈ కొరత తీరుట ఆరంభమైనది. ఆ కుటుంబములో ఎనిమిది ఉపగ్రహములు 1975 వరకు పోయినవి. అవి చుక్కచుక్కగా కొలిచి, ఆ చుక్కలను చేర్చి ముతక చిత్రములను కూర్చెడివి.

సూర్యుని ముఖము నిజముగా మారినది స్కైలాబుతో. స్కైలాబు అనగానే తెలుగు పల్లెలలో పెద్దలకు 1979 వ సంవత్సరమే జ్ఞప్తికి వచ్చును. అది నెత్తిన పడునని జనము హడలిపోయిన దినములవి. తుదకు జూలై 11 న దాని శకలములు హిందూమహాసముద్రములోను, ఆస్ట్రేలియా పడమటి భాగమునను పడినవి. ఆ భయము మాత్రమే మనకు మిగిలి, అది చేసిన పని మరపున పడినది. ఆ అన్యాయమును కొంత సరిదిద్దవలెనని నా కోరిక.

1973 మే 14 న స్కైలాబు ఎగిరినప్పుడే దాని కవచము చినిగిపోయెను. విద్యుత్తునిచ్చు రెండు రెక్కలలో ఒకటి ఊడిపోయెను; రెండవది చిక్కుకొని విచ్చుకొనలేదు. అప్పుడు ఆ నౌకను బ్రతికించినవి సూర్యదర్శినుల గోపురమునకై వేరుగా అమర్చిన నాలుగు రెక్కలు. సూర్యుని చూచుటకు పెట్టినవే సూర్యునివలన ప్రాణము పోసినవి. పదునొకండు దినములకు ముగ్గురు వ్యోమగాములు పోయి, గొడుగువంటి తెర పరచి వేడిని తగ్గించిరి. జూన్ 7 న బయటికి వెడలి చిక్కిన రెక్కను విప్పిరి. తరువాత మరి రెండు జట్లు పోయినవి. మూడు జట్లును కలిసి 171 దినములు అచ్చట నివసించిరి. వీరు కంప్యూటరుకు పని యప్పగించి కూర్చుండలేదు. చూపుడు తెరలపై సూర్యుని కనిపెట్టుచు, జ్వాల లేచు సూచన తోచినప్పుడు మీట నొక్కెడివారు. ఫిల్ము నిండినప్పుడు శూన్యములోనికి వెడలి డబ్బీలు మార్చెడివారు. మూడవ జట్టులోని గిబ్సను స్వయముగా సౌరభౌతిక శాస్త్రజ్ఞుడు. 1974 జనవరి 21 న ఒక జ్వాల పుట్టుకనే ఆయన పట్టుకొనగలిగెను.

టౌసీ బృందము దీనికొరకు చేసిన ఒక కెమేరాలో చీలికయే లేదు. అందుచేత వర్ణపటములోని ఒక్కొక్క గీతకు బదులు ఒక్కొక్క సూర్యబింబము ఫిల్ముపై పడును. కొన్ని ఒకదానిపై నొకటి పడి చిక్కుపెట్టును. ఒక బింబము హీలియము కాంతిది, ఒకటి ఇనుముది, ఇంకొకటి మరియొకదానిది. 1973 డిసెంబరు 19 న తీసిన చిత్రమున ఒక జ్వాల సూర్యుని అంచునుండి వంపుగా లేచి 5,88,000 కిలోమీటర్ల మేర చాచుకొనియున్నది. భూగోళములను వరుసగా పేర్చినచో నలుబదియారు దానిలో ఇముడును. ఆ చిత్రము 30.4 నానోమీటర్ల కాంతిలో తీసినది. అది ఒక ఎలక్ట్రానును కోల్పోయిన హీలియము వెలిగించు కాంతి. గుంటూరు గ్రహణమునాడు పసుపు గీతగా తొంగిచూచిన ఆ హీలియమే యిది.

ఈ చిత్రముల గొప్పతనము నేను మొదట చదివినప్పుడు నాకు బోధపడలేదు. అడ్డుగా చంద్రుడు లేకుండ కిరీటమెట్లు కనబడినదని ఆశ్చర్యపడితిని. సంగతి యిది. 5,500 డిగ్రీల బింబము ఇంత పొట్టి తరంగములలో దాదాపు ఏమియు వెలిగింపజాలదు. ఈ కాంతిలో బింబమే నల్లని పలక. దానిపై కిరీటము తెల్లని సుద్దతో వ్రాసినట్లు కనబడును. గ్రహణమున కిరీటమును అంచుచుట్టునే చూడగలము. ఇచ్చట దానిని ఎదురుగా, బింబము మీదనే చూచుచున్నాము. కిరీటము సమమైన పొగవంటిది కాదనియు, అయస్కాంతశక్తి తీర్చిన విండ్లవంటి వంపులతో నిండినదనియు తేటపడినది. ఆ వంపులు లేని చీకటి ప్రదేశములు, కిరీటరంధ్రములను పేరు గలవి, స్కైలాబు ఎక్స్ కిరణ చిత్రములలోను బాగుగా కనబడినవి. వేగముగల సౌరవాయువు బయలుదేరు ద్వారములవియే. ఇరువదియేడు దినములకొకమారు భూమి అయస్కాంతము ఏల కలవరపడునో బార్టెల్సు 1930 ల నుండి అడుగుచుండెను. సూర్యునితోపాటు తిరిగివచ్చు ఈ రంధ్రములు దానికి కారణమని తెలిసినది.

ఇది పండితుల వినోదము మాత్రము కాదు. 1859 లో సౌరజ్వాల వెంట వచ్చిన తుపానున తంతికచేరీలలో నిప్పురవ్వలు లేచినవి. 1989 మార్చి 13 న కెనడాలోని క్విబెకు రాష్ట్రమంతయు సుమారు తొమ్మిది గంటలు చీకటిలో మునిగినది. అరువది లక్షలమంది చలిలో కూర్చుండిరి. అందుచేత సూర్యుని రేయింబవళ్లు కాపలా కాయువారు కావలసివచ్చిరి.

తరువాతి సాధనము అద్దములది. ఈ కిరణములు మామూలు అద్దముపై సూటిగా పడినచో పరావర్తనము చెందక దానిలోనే ఇంకిపోవును. మాలిబ్డినము, సిలికను పొరలను ఒకదానిపై నొకటి, కొన్ని నానోమీటర్ల మందమున, పదులకొలది పేర్చినచో, ఎన్నుకొనిన ఒక్క తరంగమును మాత్రము అవి కలిసికట్టుగా త్రిప్పికొట్టును. ఇట్టి అద్దములతో చేసిన దూరదర్శిని 1995 డిసెంబరు 2 న సోహో నౌకపై నెక్కినది. ఐరోపా, అమెరికా దేశముల ఉమ్మడి నౌక యిది. భూమికి పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యుని వైపున, ఇద్దరి ఆకర్షణయు సరిపడుచోట దానిని నిలిపిరి. 1997 మే 12 న ఒక విస్ఫోటనమునుండి చెరువులో రాయి వేసినప్పటి అలవలె వలయమొకటి బింబమంతట ప్రాకుటను అది చూపినది.

1998 జూన్ 25 న సోహో మాట పడిపోయినది. నేలనుండి పంపిన ఆజ్ఞలలోని పొరపాట్లచేత అది సూర్యునికి విముఖమై గిరగిర తిరుగజొచ్చెను. రెక్కలకు ఎండ లేదు, విద్యుత్తు లేదు, పలుకు లేదు. దానిపై ఆశ వదలుకొనిరా? లేదు. జూలై 23 న ఆరెసిబోలోని మహా రేడియో దూరదర్శినినుండి కిరణమును పంపగా, ఆ నౌకకు తగిలి తిరిగివచ్చిన ప్రతిధ్వనివలన అది ఉండవలసినచోటనే యున్నదని తెలిసినది. ఆగస్టు 3 న సన్నని సంకేతము వినబడినది. ఇంధనము గడ్డకట్టి యుండెను. కొంచెము కొంచెముగా విద్యుత్తును కూడబెట్టి, దానిని కరిగించి, సెప్టెంబరు 16 న నౌకను సూర్యునికి అభిముఖముగా త్రిప్పిరి. ఈ సంకటములో రెండు దిక్సూచక చక్రములు చెడినవి. మిగిలిన యొకటియు డిసెంబరులో చెడినది. చక్రములు లేకయే నిలుచుట దానికి నేర్పిరి. రెండేండ్లు పనిచేసిన చాలునని నిర్మించిన సోహో పాతికేండ్లకు పైగా పనిచేసినది. టౌసీ ఇసుకగొయ్యినుండి ఈ రక్షణవరకు గల యాబదియేండ్లలో శాస్త్రముకంటె ఓర్పే హెచ్చుగా పెరిగినదేమో యని నాకు తోచును.

పిదప వచ్చినవానిని గబగబ చెప్పెదను. 1998 ఏప్రిలులో ఎగిరిన ట్రేసు కిరీటపు వంపులు ఎంత సన్నని పోగులో చూపినది. 2010 ఫిబ్రవరి 11 న పోయిన సౌరగతి వేధశాల నాలుగు దూరదర్శినులతో పండ్రెండేసి సెకండులకు సూర్యుని పలు కాంతులలో చిత్రించును. ఆకుపచ్చ, బంగారు, నెత్తుటి రంగులలో పత్రికలలో అచ్చుపడు సూర్యబింబములు ఎక్కువగా దానివే. ఆ రంగులు సూర్యునివి కావు. కంటికానని కాంతికి రంగేమి? ఒక్కొక్క తరంగమునకు గుర్తుగా మనుష్యులు అద్దినవి. 2020 ఫిబ్రవరిలో బయలుదేరిన ఐరోపావారి సోలార్ ఆర్బిటరు ఆ మే నెల 30 న సూర్యునికి 7 కోట్ల 70 లక్షల కిలోమీటర్ల దూరమునుండి చూచి, బింబమంతట నెగళ్లవంటి చిన్నచిన్న జ్వాలలను కనిపెట్టినది. కిరీటమును వేడెక్కించునవి ఇవియేనా యని వాదము బయలుదేరినది.

భారతదేశపు ఆదిత్య-ఎల్1 నౌక 2023 సెప్టెంబరు 2 న మన శ్రీహరికోటనుండి లేచినది. 2024 జనవరి 6 న సోహో నిలిచిన ప్రాంతముననే కక్ష్యలో చేరినది. దానిలో పూనా ఖగోళ సంస్థవారి ఆధ్వర్యమున నిర్మితమైన దూరదర్శిని యొకటి కలదు. అది 200 మొదలు 400 నానోమీటర్లవరకు గల కాంతిలో, పదునొకండు వడపోతలతో, సూర్యుని నిండుబింబమును చిత్రించును. అది చూచునది కిరీటమును కాదు. దానికి క్రిందనున్న పొరలను. వేడి క్రిందినుండి పైకి ఎట్లు పోవుచున్నదో తెలియవలెనన్న చూడవలసినది అచ్చటనే గదా. 300 కు దిగువనున్న కాంతి ఓజోను మన నేలపై పడనీయక ఆపునది. 1946 లో టౌసీ పూసలు మొట్టమొదట పట్టినది ఈ కాంతినే. 2024 ఫిబ్రవరి 22 న లేచిన మహాజ్వాలను ఈ దూరదర్శిని ఆ కాంతిలో చిత్రించినది. జాన్సెన్ పరికరములు నిలిపిన గుంటూరునుండి ఆ నౌక లేచిన శ్రీహరికోట మూడువందల కిలోమీటర్లు నిండని దూరము.